చంద్ర జి. ఎమ్. ఒప్పుకోలేదు

పుత్తూరు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే గుండ్లూరు మునిచంద్రకు ఆ రోజు యూనివర్సిటీ ఆఫీసు మూసేలోపల ఒక్క కాగితం కావాలి. ఆయన రాసిన వ్యాసాన్ని పత్రికలో వేసుకుంటామని చెప్పే కాగితం. అది చేతిలో పెడితేనే పీహెచ్‌డీ థీసిస్ తీసుకుంటారు. లేకపోతే గడువు దాటిపోతుంది, ఇన్నేళ్లు మామిడితోటల్లో పురుగుల వెంట తిరిగిన తిరుగుడంతా మట్టిపాలైపోతుంది.

వ్యాసానికి వంక పెట్టేదేం లేదు. తోతాపురి పూతను పాడుచేసే తేనెమంచు పురుగు మీద రాశాడు. చదివిన పెద్దలు బాగుందనే అన్నారు. చిక్కంతా ఆఖరి పేజీల్లో వచ్చిపడింది. ఏ సంగతి ఎవరి దగ్గర తీసుకున్నామో వరసగా రాస్తారే, ఆ ఆధారాల పట్టిక దగ్గర. ఇంటిపేరు ముందు రావాలంట, కామా పెట్టాలంట, పొడి అక్షరాల పక్కన చుక్కలుండాలంట. పాపం మునిచంద్ర పూతలో పురుగులను ఏరినట్టు చుక్కలు ఏరి, అన్నీ సరిచేసి పంపాడు. పత్రికవాళ్లు జవాబు రాశారు.

"మీరు గుండ్లూరు ఎమ్. సి. గారి లెక్కలు, చంద్ర జి. ఎమ్. గారి లెక్కలు వాడుకున్నారు. వారిద్దరి అనుమతి లేనిదే వ్యాసం వేసుకోము."

ఆ ఇద్దరూ మునిచంద్రే!

మా పక్క మునులకు కొదవలేదు కదా. మునిశేఖర్, మునిలక్ష్మి, మునివెంకటప్ప అని ఇంటికొకరుంటారు. కానీ ఆ ముని పేరులో భాగమని బయటివాళ్లకేం తెలుసు? హైదరాబాదులో ఆయన మొదటి వ్యాసం అచ్చేసినవాళ్లు ఇంటిపేరును ముందుకు లాగి, మునిని, చంద్రను చెరో అక్షరానికి కుదించేశారు. గుండ్లూరు ఎమ్. సి. పుట్టాడు. తర్వాత రెండో వ్యాసం వేసిన చెన్నైవాళ్లు ముని ఒకటి, చంద్ర ఒకటి అనుకుని మధ్యలో నరికారు. చంద్ర జి. ఎమ్. పుట్టాడు. ఇప్పుడు వ్యాసం రాసింది మునిచంద్ర జి. ముగ్గురూ ఒక్క కంచంలోనే తింటున్నారని ఎవరికి చెప్పుకోవాలి?

బస్సెక్కి తిరుపతికి పోయాడు. బైరాగిపట్టెడలో ఒక మేడ మీద పత్రిక ఆఫీసు. అక్కడ కార్యదర్శి జయరావు గారు చాలా నిక్కచ్చి మనిషి. అచ్చుకు పోయేదాంట్లో చుక్క తప్పితే ఆయనకు అన్నం దిగదు.

"ఆ ఇద్దరూ నేనే సార్" అన్నాడు మునిచంద్ర.

"మీ మాట మీరే సెప్పుకుంటే యెట్లప్పా? వాళ్లు సెప్పాల."

"నేనే వాళ్లంటే వాళ్లు మళ్లా యాడ్నించి వస్తారు సార్?"

"అదే నేనూ అడిగేది. యాడుండారు?"

మునిచంద్ర జేబులోంచి ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. జయరావు కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకుని చదివాడు. కార్డులో 'గుండ్లూరి మునిచెంద్ర' అని ఉంది.

"ఈయనెవురు? ఈయన పేరు మన పట్టికలోనే లేదే!"

"నా తండ్రీ..." అని మునిచంద్ర తల పట్టుకున్నాడు.

జయరావు మంచివాడే. ఎదుటి మనిషి ముఖం చూసి ఆయనకూ జాలేసింది. కాసేపు గడ్డం గోక్కుని, లేచి గోడవారనున్న కుర్చీలు మూడు తెచ్చి వరసగా వేశాడు. ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాసిన చీటీ పెట్టాడు.

"రూలు ప్రకారం పోదాం. ముందు గుండ్లూరు గారు కూసోండి."

మునిచంద్ర కూర్చున్నాడు.

"అయ్యా, మీ లెక్కలు మునిచంద్ర గారు వాడుకుంటే మీకేమన్నా అభ్యంతరమా?"

"ఏం లేదు సార్. మావాడే."

"సంతకం పెట్టండి. పెట్టినారా? ఇంక లేసి చంద్ర గారికి దారియ్యండి."

మునిచంద్ర లేచి, తనకు తానే దారిచ్చి, రెండో కుర్చీలో కూర్చున్నాడు. కలం అందుకున్నాడు. కానీ జయరావు కాగితం వదల్లేదు. వ్యాసం తిరగేసి ఒక వాక్యం మీద వేలు పెట్టాడు.

"చంద్ర గారూ, ఒక్క మాట. తేనెమంచు పురుగుకు వేప కషాయం పనిచేస్తాదని మీరు రాసినారు. ఈ మునిచంద్ర మీ లెక్కలు తీసుకోని, అసలు పనిచెయ్యదని తేల్చేసినాడు. మీరు సదువుకున్నారా ఇది?"

మునిచంద్ర చెయ్యి ఆగిపోయింది.

చదవకేం! రాసిందే ఆయన. వేప కషాయం వానల్లేని రెండేళ్లు బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత పూత మీద జల్లులు పడ్డ ఏడాది కొట్టుకుపోయింది. రెండూ రాస్తే వ్యాసం అటూ ఇటూ కాకుండా పోతుందని, పనిచెయ్యదని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇప్పుడీ కుర్చీలో కూర్చుని చూస్తే మాత్రం కడుపు మండింది. రెండేళ్లు ఎండలో నిచ్చెనెక్కి పూతగుత్తులు లెక్కపెట్టింది ఎవరు? ఆ మునిచంద్రా?

"ఇది అన్యాయం సార్" అన్నాడు.

"ఎవురికి?"

"నాకు! వానల్లేనప్పుడు పనిచేసిందని రాయాల గదా? నా లెక్కలు మింగేసి నా నోట్లోనే మన్ను కొడతాడా?"

జయరావు ముఖం వెలిగిపోయింది. "అట్ల సెప్పండబ్బా! మునిచంద్ర గారూ, ఇట్ల రండి. దీనికేమంటారు?"

మునిచంద్ర మూడో కుర్చీలోకి మారాడు. అక్కడ కూర్చోగానే గోడ మీది గడియారం ఎదురుగా కనబడింది.

"సార్, ఇప్పుడు మార్చాలంటే మళ్లా పెద్దోళ్లు సదవాలేమో. ఈ పొద్దు కాగితం రాకుంటే నేను అయిపోయినట్టే. ఆయన్ని కొంచెం సర్దుకోమనండి సార్."

"నేను సెప్పకూడదు. మీరే అడుక్కోండి."

మునిచంద్ర ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు. చేతులు కూడా జోడించాడు. కానీ అడిగితే ఏం జవాబొస్తుందో ఆయనకు తెలుసు. లేచి, తనంతట తనే పోయి చంద్ర కుర్చీలో కూర్చున్నాడు.

"నేను సంతకం పెట్టను సార్. వానల మాట రాస్తేనే పెడతాను. పీహెచ్‌డీ పోతే పోనీ."

జయరావు లోపలికి పోయి సంపాదకుడికి ఫోను చేశాడు. తలుపు సందులోంచి ముక్కలు ముక్కలుగా వినబడింది. "అవును సార్, ముగ్గురూ వచ్చినారు... చంద్ర గారు మాత్రం మొండికేసినారు... ఒక్క వాక్యమే సార్..." మునిచంద్ర చంద్ర కుర్చీలోనే గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఎందుకో మూడో కుర్చీ వైపు చూడ్డానికి మొహం చెల్లలేదు.

"సారు సరేనన్నారు" అంటూ జయరావు బయటికొచ్చి ఆ వాక్యాన్ని తనే టైపు చేశాడు: 'వానలు లేని ఏళ్లలో వేప కషాయం పనిచేసింది (చంద్ర జి. ఎమ్., 2018).' చుక్కలు రెండుసార్లు చూసుకున్నాడు. మునిచంద్ర సంతకం పెట్టాడు. కాగితం చేతికొచ్చింది.

ఆటోలో యూనివర్సిటీకి పోతూ దాన్ని ఫోటో తీసి, కొత్త వాక్యంతో సహా తన గైడు సుబ్రమణ్యం సారుకు పంపాడు. వెంటనే ఫోనొచ్చింది.

"మునీ, కాగితం వచ్చిందా, సంతోషం. ఆఫీసులో చెప్పి పెట్టినా, బిరీన వచ్చెయ్. అవునూ, ఆ వానల వాక్యం యెవురు పెట్టినారు? వ్యాసానికి అదే ప్రాణం గదరా."

"చంద్ర గారు పట్టుబట్టినారు సార్."

"నీకు తెలిసినాయనా?"

"తెలుసు సార్."

"అయితే ఆయన్ని నీ వైవాకు పరీక్షకుడిగా పిలిపిస్తాం. నంబరు పంపించు."

ఆటో గతుకులో ఎగిరి పడింది. మునిచంద్ర ఫోను గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు సార్" అన్నాడు. "ఆయన నన్ను పాస్ చెయ్యడు."