చివరి బొట్టు

వెల్లుల్లి రెబ్బలు ఒలిచి రోట్లో వేసి మెత్తగా నూరింది సొలాంజ్. గుడ్డు పచ్చసొన కలిపి, ఆలివ్ నూనె బొట్టు బొట్టుగా పోస్తూ తిప్పసాగింది. చేపతో నంజుకునే ఈ అయోలీ చేసేటప్పుడు చెయ్యి ఆపకూడదు. ఆపితే విరిగిపోతుంది. బయట అంజూరపు చెట్టు కింద తోటికోడలు మరీజ్ ఒళ్ళు విరుచుకుంటోంది.

"అబ్బ, సెలవులంటే ఇవీ! పొద్దుట్నుంచీ ఎవరం ఒక్క పని ముట్టుకోలేదు."

సొలాంజ్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడింటికే సంతకి వెళ్ళి ఖర్బూజాలు వాసన చూసి ఏరి తెచ్చింది ఎవరు? ఉప్పుచేపకి రాత్రి నుంచి మూడుసార్లు నీళ్ళు మార్చిందెవరు? ఆగస్టులో ఈ అద్దె ఇంటికి ముప్ఫై ఏళ్ళుగా వస్తున్నారు. సెలవులు వాళ్ళందరికీ, వంటిల్లు తనకీ. ఇంటినిండా మనుషులే, అయినా పొద్దుట్నుంచీ తనతో మాట్లాడింది సంతలో ఖర్బూజాలమ్మే మనిషి ఒక్కడే.

ఈసారి మాత్రం ఒక ఆశతో వచ్చింది. నాన్న ఆంజూ ప్రాంతంలో ద్రాక్షతోట సాగుచేసి వైను చేసేవాడు. పీపా దగ్గర ఆమెని నిలబెట్టి వాసన చూడమనేవాడు. "నీ ముక్కుండగా నా ముక్కెందుకే!" అని మురిసిపోయేవాడు. ఆ ముక్కుతోనే ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. మొదటి భోజనంలోనే వైను పోద్దామని సీసా అందుకోబోతే అత్తగారు యుగెట్ చేతి మీద చెయ్యి వేసి ఆపింది. "మా ఇంట్లో సీసా మగవాళ్ళు పడతారమ్మాయ్." ముప్ఫై ఒక్క ఏళ్ళు గడిచాయి. మగవాళ్ళు సీసా పట్టుకుని బల్ల చుట్టూ తిరిగేసరికి సొలాంజ్ ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుంది. ఆమె గ్లాసు ఖాళీగా ఉందని ఇన్నేళ్ళలో ఎవరికీ కనబడలేదు.

కిందటి శీతాకాలం నాన్న పోయాడు. ఆమె పెళ్ళయిన ఏడాది పండిన ద్రాక్షతో ఆయన చేసిన తియ్యటి తెల్ల వైనులో ఒకే ఒక్క సీసా మిగిలింది. దాన్ని బట్టల్లో చుట్టి తెచ్చుకుంది. పొద్దున్నే మొగుడికి చెప్పింది కూడా.

"రెజీస్, నాన్న సీసా భోజనం చివర జున్నులు తినేటప్పుడు తెరుద్దాం. నేనొచ్చి కూర్చున్నాకే సుమా. ఆయన గురించి రెండు మాటలు చెప్పాలి."

"సరేలే, సీసాకి కాళ్ళున్నాయా పారిపోవడానికి?" అన్నాడు రెజీస్ పేపర్లోంచి తలెత్తకుండా.

భోజనం బాగా సాగింది. చేప, దుంపలు, క్యారెట్లు, గుడ్లు అన్నీ ఖాళీ అవుతున్నాయి. సొలాంజ్ అప్పుడే కుర్చీ లాక్కుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మరిది ఇవాన్ రొట్టెముక్కతో గిన్నె తుడుస్తూ, "వదినా, అయోలీ అయిపోయిందే! ఇంకాస్త చెయ్యవూ? నీకెంతసేపు!" అన్నాడు.

లేచింది. ఎప్పుడు లేవలేదు గనక?

మళ్ళీ వెల్లుల్లి, మళ్ళీ పచ్చసొన, మళ్ళీ బొట్టు బొట్టుగా నూనె. సగంలో ఉండగా బయట బిరడా తీసిన చప్పుడైంది. మామూలు గులాబీరంగు వైను సీసా అయ్యుంటుంది అనుకుంది. అలా అనుకోవాలని గట్టిగా అనుకుంది. వెళ్ళి చూద్దామంటే చెయ్యి ఆపాలి, ఆపితే విరిగిపోతుంది. నూరుతూనే ఉంది. అప్పుడు ఆపనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, కానీ అది తర్వాత.

రోలు పట్టుకుని వచ్చేసరికి అందరి గ్లాసుల్లోనూ అడుగున బంగారు రంగు. బల్ల మీద నాన్న సీసా, ఖాళీగా.

"వేడెక్కిపోతోందని తెరిచేశా. నువ్వు ఎప్పుడొస్తావో ఎవరికి తెలుసు?" అన్నాడు రెజీస్.

"కోప్పడకు వదినా, దగ్గుమందులా ఉంది," అన్నాడు ఇవాన్.

"పాపం, కష్టజీవి మీ నాన్న," అంది అత్తగారు, నాప్‌కిన్‌తో మూతి తుడుచుకుంటూ. నాన్న గురించి ఆ బల్ల దగ్గర పలికిన మాటలు అంతే.

సొలాంజ్ ముఖం చూసి రెజీస్ సరదా చెయ్యబోయాడు. సీసా తలకిందులు చేసి ఆమె గ్లాసులో దులిపాడు. నాలుగు చుక్కలు పడ్డాయి. "ఇదిగో, చివరి బొట్టు నీదే! ఏడాది తిరక్కుండా పెళ్ళయిపోతుంది నీకు!"

అందరూ గొల్లున నవ్వారు. సీసాలో చివరి బొట్టు ఎవరికి పడితే వాళ్ళకి ఏడాదిలో పెళ్ళవుతుందని పెళ్ళికాని పిల్లల్ని ఆటపట్టించే మాట అది. యాభై ఎనిమిదేళ్ళ ఆడమనిషికి చెబితే ఇంకా నవ్వు.

సొలాంజ్ కూర్చుంది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. తేనె, సీమదానిమ్మ, వెనకాల తడిరాతి వాసన. ముక్కు ఏదీ మర్చిపోలేదు. నాలుగు చుక్కలూ నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. చెంపల మీద నీళ్ళు కారితే తుడుచుకోలేదు.

"సరే అయితే," అంది. "ఇంటికెళ్ళగానే లాయర్ని కలుస్తాను. ముందు విడాకులు తీసుకోవాలి కదా, లేకపోతే ఏడాదిలోగా ఎలా కుదురుతుంది?"

ఇవాన్ బల్ల గుద్ది మరీ నవ్వాడు. రెజీస్ కూడా నవ్వాడు. "సరేలే గానీ, ఇక జున్నులు పట్టుకురా."

సొలాంజ్ లేవలేదు. రోలు పక్కకి జరిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదట అత్తగారి ముఖంలో నవ్వు ఆగింది. తర్వాత మరీజ్ ఆపింది. రెజీస్ ఒక్కడే ఇంకా నవ్వు ముఖంతో చూస్తున్నాడు.

"తెచ్చుకో రెజీస్," అంది సొలాంజ్ నెమ్మదిగా. "వంటిల్లు అటు."