ఆఖరున ముదలియార్‌పేట

కిందటేటి పసిపిల్లల టీకాల లెక్కను కంప్యూటరు చేత వేయించడం ఆ పట్టణ ఆరోగ్య కార్యాలయంలో అదే మొదలు. 1988 ఆగస్టులో ఒక మధ్యాహ్నం పట్టణంలోని క్లినిక్కుల డాక్టర్లందరినీ కూర్చోబెట్టి ఆ లెక్క చదివారు. అన్నిటికంటే ఆఖరున ముదలియార్‌పేట పేరు వినబడింది.

డాక్టర్ ఆండాళమ్మ లేచి నిలబడింది. అక్కడి సర్కారు క్లినిక్కు ఆమెది. ఆమెవాళ్ళు పట్టణం పక్క రెడ్డియార్‌పాళయంలో తరతరాలుగా సేద్యం చేసుకొని బతికిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. కోపం వస్తే మాత్రం ఎక్కడున్నా ఇంటి మాటే ముందు బయటికొస్తుంది.

“ఈ మిషను ఒక్క బిడ్డనన్నా ఒళ్ళో పెట్టుకొని సూది ఏసిందా? నా పిల్లకాయలకి ఏసినానో లేదో దానికేం దెలుసు?” అంది.

ఒకరిద్దరు నవ్వారు. పై అధికారి రామభద్రరావు తల వంచుకొని కాగితాలు సర్దుకున్నాడు. ఆయన రాజమండ్రి వైపు నుంచి వచ్చినవాడు, మెత్తని మనిషి, సభలో గొడవంటే పడదు.

మర్నాడు ఉదయమే ఆమె నేరుగా కంప్యూటరు గదికి వెళ్ళింది. చెప్పులు బయట విడిచి రావాలట. లోపల చలి. ఆ ప్రోగ్రాము రాసిన సత్తిరాజు యానాం కుర్రవాడు, ఇంకా ఉద్యోగం ఖాయం కానివాడు. లేచి తన కుర్చీ ఆమెకు వేశాడు. తిడదామని వచ్చిన మనిషికి ఆ మర్యాదతో కూర్చోక తప్పలేదు.

అతను తెర మీద చూపిస్తూ చెప్పుకొచ్చాడు. క్లినిక్కుల కార్డుల్లోంచి ప్రతి బిడ్డ పుట్టిన తేదీ, టీకా వేసిన తేదీలు ఎక్కించారు. ప్రోగ్రాము ఒక తేదీలోంచి ఇంకొకటి తీసేసి చూస్తుంది. తట్టమ్మ, అంటే మీజిల్స్, టీకా తొమ్మిది నెలలు నిండకముందు పడితే వేసినట్టు లెక్క కట్టదు. ముదలియార్‌పేటలో అలాంటి పిల్లలు గుంపుగా తేలారు.

తొమ్మిది నెలల సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తల్లి నుంచి వచ్చిన బలం బిడ్డ ఒంట్లో ఉన్నన్నాళ్ళు ఆ మందు సరిగా పట్టదు. తెలిసే వేసింది. కిందటేడు ఎండాకాలం అక్కడి బట్టల మిల్లు వెనక వీధుల్లోకి తట్టమ్మ వచ్చినప్పుడు ఏడెనిమిది నెలల పిల్లలు జ్వరంతో, ఆయాసంతో ఆమె చేతుల్లోనే పోయారు. కనగం అనే మిల్లు కూలీ తన చంటిబిడ్డను ఎత్తుకొచ్చేసరికే ఆలస్యమైపోయింది. ఆ సాయంత్రమే ఆండాళమ్మ ఆరు నెలలు నిండిన ప్రతి బిడ్డకూ సూది వేయడం మొదలుపెట్టింది. నిబంధనకు విరుద్ధమని కార్యాలయం మెమో పంపితే, చచ్చిపోయే బిడ్డను తొమ్మిది నెలలు ఆగమని మీరే వచ్చి చెప్పండని జవాబు రాసింది.

ఇదంతా సత్తిరాజుకు చెప్పింది.

“మంచి పనే చేశారండి,” అన్నాడు. “మరి తొమ్మిది నెలలు నిండాక ఆ పిల్లలకి మళ్ళీ వేశారాండి?”

ఆండాళమ్మ వేయలేదు. మళ్ళీ వేయాలనే అనుకుంది. మందు కావాలని రాసింది, రాలేదు. అంతలో వానలు పడ్డాయి, జ్వరాలు తగ్గాయి, వేరే పనులు వచ్చి మీద పడ్డాయి. తెర మీద ఆ పిల్లల పేర్లు ఒక్కొక్కటే పైకి జరుగుతున్నాయి. ప్రతి పేరుకూ ఆమెకు ఒక ముఖం కనబడింది. ఇప్పుడు వీధుల్లో పరుగెత్తి ఆడుకుంటున్న ముఖాలు. మళ్ళీ వేయాల్సినవాళ్ళని మిషను వాళ్ళను ఎంచి పక్కన పెట్టింది. తాను పెట్టలేదు.

క్లినిక్కుకు తిరిగివచ్చేటప్పటికి ఆమె కోపం అలాగే ఉంది గాని, అది ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

రెండు రోజులకు రామభద్రరావు పిలిపించాడు. కాఫీ తెప్పించి, సంతోషంగా చెప్పాడు. ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వస్తోంది. ఆమె సభలో అన్నది న్యాయమేనని ఆయనకు తోచింది. తొమ్మిది నెలల షరతు ఉన్న లైనును ప్రోగ్రాములోంచి తీసేయమని సత్తిరాజుకు చెప్పాడు. దాంతో ముదలియార్‌పేట ముందు వరసలోకి వస్తుంది, పట్టణం మొత్తం లక్ష్యం దాటుతుంది.

“ఆ లైను తీయొద్దండి,” అంది ఆండాళమ్మ.

ఆయనకు అర్థం కాలేదు. “లెక్క తప్పని నలుగురిలో అన్నది మీరే కదమ్మా?”

“అన్నాను. కోపంలో అన్నాను. లెక్క తప్పు గాదు. ఆ లైను తీసేస్తే ఆ బిడ్డలకి టీకా పడినట్టే అయిపోద్ది. ఇంక వాళ్ళని మళ్ళీ పిలిచేవాళ్ళు యాడుంటారు? నాకు నెంబరొద్దు. మందియ్యండి.”

ఏడాది నిండిన పిల్లలకు మందు కేటాయింపు లేదన్నాడాయన. వేసినా ఈ ఏటి లక్ష్యంలో కలవదన్నాడు. కలవకపోతే పోనీ, తట్టమ్మ లక్ష్యం చూసి రాదు అని ఆమె అంది. ఆయన ముఖంలో మెత్తదనం పోయింది. తనిఖీ అయ్యేదాకా నోరు మూసుకోకపోతే దూరాన ఉన్న కారైకాల్‌కు బదిలీ తప్పదని ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె కాఫీ ముట్టకుండా లేచింది.

బయట నడవాలో సత్తిరాజు ఎదురుపడ్డాడు. లైను తీసేశాడట. చెప్పింది చెయ్యకపోతే తన ఉద్యోగం ఉండదని నేల చూస్తూ అన్నాడు.

“నీ పొట్ట కొట్టే మాట నేను అడగను నాయనా,” అంది ఆమె. “నా నోరు నాదే గదా. నేను చెప్పుకుంటా.”

తనిఖీనాడు కొత్త లెక్క చదివారు. ముదలియార్‌పేట పేరు పైన వినబడగానే ఆండాళమ్మ లేచి, తొమ్మిది నెలల లైను తీసేస్తే వచ్చిన ఆ అంకె తనది కాదంది. చాలామంది పిల్లలకు వేళకు ముందే టీకా వేశానని, ఎందుకు వేసిందో, మళ్ళీ ఎందుకు వేయలేకపోయిందో దాచకుండా చెప్పింది. తన క్లినిక్కును ఆఖరునే రాయమంది. రామభద్రరావు కూర్చోమని సైగ చేశాడు. ఆమె కూర్చోలేదు. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దావిడ కళ్ళజోడు తీసి, ఈ ప్రోగ్రాము రాసిందెవరని అడిగింది. వెనక వరసలోంచి సత్తిరాజు లేచాడు. పాత లైనుతో మళ్ళీ లెక్క కట్టగలవా అంటే, రామభద్రరావు వైపు చూడకుండా, కట్టగలనన్నాడు.

సాయంత్రానికి ముదలియార్‌పేట మళ్ళీ ఆఖరుకు దిగింది. పట్టణం లక్ష్యం దాటలేదు. మిగతా క్లినిక్కుల డాక్టర్లు ఆమెతో మాట్లాడకుండా మెట్లు దిగిపోయారు.

ఢిల్లీ పెద్దావిడ చెప్పడంతో మందు మాత్రం వచ్చింది. ఐసు పెట్టె భుజాన వేసుకొని నర్సు లోగనాయకి ముందు, ఆండాళమ్మ వెనక, మిల్లు వీధులు తిరిగారు. అంజలై అనే తల్లి వాకిలికి అడ్డంగా నిలబడి, ఒకసారి పొడిచింది చాలదా, మళ్ళీ ఎందుకని తమిళంలో నిలదీసింది. అప్పుడు వేసింది సగం కాపలా, ఆ సంగతి మీకు ముందే చెప్పి ఉండాల్సింది అని ఆండాళమ్మ చెప్పింది. అంజలై ఆమెను తిడుతూనే కొడుకు చెయ్యి పట్టి చాపింది.

బదిలీ కాగితం శుక్రవారం వచ్చింది. దాంతోపాటే కొత్త డాక్టరు లోకనాథన్ కూడా పెట్టె పట్టుకొని దిగాడు. చిన్నవాడు, మొహమాటస్తుడు. బాధ్యత అప్పగించే కాగితం మీద సంతకం చేస్తే ఆమె ఈ పూటే బయలుదేరవచ్చునన్నాడు.

“చేస్తాను, ఇంకా రెండు వీధులుండాయి,” అంది ఆమె. “అవి ముగిసినాక. పైవాళ్ళు అడిగితే ఆండాళమ్మ కదల్లేదని రాసెయ్.”

అతను ఆ కాగితాన్ని జేబులో పెట్టుకొని, ఐసు పెట్టె తాను మోస్తానని లోగనాయకితో అన్నాడు. ముగ్గురూ ఎండలోకి దిగారు. మొదటి ఇంటి దగ్గర ఒక బిడ్డ వాళ్ళను చూడగానే కెవ్వుమని ఏడుపు అందుకొని మంచం కిందికి దూరింది. ఆండాళమ్మ చీరకుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని నేల మీద మోకాళ్ళూని, దాని కాలు పట్టుకుంది.