పానం ఎట్లున్నది

ఇంట్లో ఎవరెవరున్నారో ఒకసారి చూసుకుంటే చాయ్‌కి నీళ్ళెన్ని పెట్టాలో తెలుస్తుంది, కుర్చీలో మామ రామ్‌చందర్, మంచం మీద కాళ్ళు చాపుకుని అత్తమ్మ సత్తెమ్మ, గోడకు ఆనుకుని వాళ్ళ బిడ్డ అమలక్క, అక్క ఒళ్ళో ఏడాది నిండిన నందుగాడు, వాడికి చాయ్ లేదు, గడప మీద పక్కింటి స్వీటీ, వెనక బర్రెల కొట్టంలో అమ్మమ్మ ఆగమ్మ, ఆమెకు గ్లాసు పనికిరాదు గిన్నెలో పోయాలి, ఇంక నీళ్ళ చెంబుకు ఆనించి నిలబెట్టిన ఫోన్‌లో అమలక్క మొగుడు వేణుగోపాల్ బావ, ఆయన సముద్రాల అవతల ఉన్నాడు కాబట్టి ఆయనకూ లేదు, కానీ ఈ ఇంట్లో ఇప్పుడు అందరికన్నా ఎక్కువగా ఉన్నది ఆయనే అనిపించింది అఖిలకు, అందరి ముఖాలూ అటే, ఎవరినో మరిచిపోయింది, ఎవరో గుర్తు రావడం లేదు, పాలు అంచుదాకా లేచాయి, మంట తగ్గించింది, నిన్న తెల్లవారుజామున విమానం దిగినా కాళ్ళింకా నేల మీదకు దిగలేదు, మడమలు ఉబ్బి చెప్పుల పట్టీలు దిగబడిన గుర్తులు అలాగే ఉన్నాయి, చెవుల్లో విమానం హోరు, ఆ హోరులోంచే ఫలక్‌నుమా స్టేషన్ నుంచి కదిలిన రైలు కూత, రెండూ ఒకటే అయినట్టు, ఇక్కడ మధ్యాహ్నమైంది, అక్కడ ఇప్పుడే వెలుగొచ్చి ఉంటుంది, హోటల్ ప్రహరీ మీద రాబందులు వచ్చి కూర్చునే వేళ, మొదటిరోజు వాటిని చూసి ఎంత దడుచుకుంది, తర్వాత తెలిసింది అవి అక్కడ కోళ్ళలా వాకిట్లో తిరుగుతాయని, ఎవరినీ ఏమనవని, చాయ్ పోసింది, అందరికీ సరిపోయింది, గిన్నె వంచితే అడుగున ఆకు మాత్రం మిగిలింది, అప్పుడు గుర్తొచ్చింది మరిచిపోయింది ఎవరినో.

తనొక్కదానికోసం మళ్ళీ పెట్టుకోవడానికి ఓపిక లేదు, గ్లాసులు పట్టుకుని ముందరి అర్రలోకి వెళ్ళేసరికి స్వీటీ తన ఫోన్‌లో అమలక్క పంపిన ఫోటోలు జరుపుతూ నవ్వుతోంది, గీ ఊరు పేరేందక్కా, బిస్సావా, మా కాలేజీల ఎవరికీ తెల్వదు, అసలు ఆఫ్రికాల గట్లాంటి రాజధాని ఉందా అని సారే అడుగుతుండు అంటోంది, అమలక్క ఉంది తియ్యి, జీడిగింజలన్నీ గాడికెళ్ళే వస్తయి, బేగంబజార్ల సేఠ్ దుకాణం ముంగట బస్తాలు చూడలేదా అంటోంది, అవును, బావకు ఆ సేఠ్ దగ్గరే పని, గింజ కోసి చూసి మంచిదో పుచ్చో చెప్పే పని, ఎండాకాలమంతా అక్కడ జీడిపండ్ల కాలం, ఎర్రవీ పసుపువీ పండ్లు, పండు కింద గింజ వేలాడుతూ, ఊరంతా పులిసిన తీపి వాసన, బేగంబజార్‌లో గింజలే చూసిన తనకు దానికొక పండు కూడా ఉంటుందని పదో తరగతి అయ్యాక గానీ తెలియలేదు, స్వీటీ ఇప్పుడు తనవైపు తిరిగింది, అఖిలా, హోటల్ ఎట్లుండెనే, నిజం జెప్పు, అందరూ ఒక్కసారి తనవైపు చూశారు, అందరూ చూస్తే అఖిలకు ఎప్పుడూ ఒక్క మాటే వస్తుంది, బళ్ళో టీచర్ అడిగినా అంతే, జవాబు తెలిసే ఉంటుంది, రాయమంటే పేజీ నిండా రాసేది, చెప్పమంటే ఒక్క మాట, మస్తుండె అంది.

ఆ మాట నోట్లోంచి జారగానే అత్తమ్మ పట్టేసుకుంది, జూసినవా, పోరికి గాడనే మనసు వడ్డది, నేను జెప్తలేనా అంది మామతో, ఫోన్‌లోంచి బావ గొంతు గరగరలాడుతూ, ఇగ హోటల్ కాదత్తమ్మా, సేఠ్ ఇల్లు కిరాయికి దీసుకున్నడు, మూడర్రలు, పెద్ద వంటిల్లు, వెనక బట్టలుతికే బండ గూడ ఉంది, అఖిలొస్తే అమలకు ఏం ఫికర్ లేదు, పిలగాన్ని చూసుకుంటది, వండుతది, రెండేండ్లే గదా, నందు పుట్టెంటికలు దీయంగనే ముగ్గురికీ టికెట్లు చేపిస్త, ముగ్గురికీ, అంటే తాను కూడా, టికెట్ చేయించేటప్పుడు మాత్రం లెక్కలోకి వచ్చింది, మామ గ్లాసు అంచు చూస్తూ, మరి కాలేజీ అన్నాడు మెల్లగా, ఆ ఒక్క మాటకే అఖిల తలెత్తి ఆయన్ని చూసింది, పోయేముందు మామే అన్నాడు, ఎండకాలం సెలవులే గద బిడ్డా, అక్కకు తోడు వోయిరా, జూన్ల నిన్ను కాలేజీల ఏస్త అని, కల్వకుర్తి దగ్గర తమ ఊరి బడి నుంచి పదో తరగతి పాసై, సంచిలో మెమో పెట్టుకుని ఈ ఇంటికి వచ్చింది అందుకే, అత్తమ్మ మాత్రం, కాలేజీ యాడికి వోతదయ్యా, రెండేండ్లయినంక గూడ గాడనే ఉంటది అంది, అఖిల వాళ్ళమ్మ గూడ ఫోన్ల, మా అన్న ఎట్ల జెప్తే గట్లనే అన్నది గద అంది, మామ మిగిలిన చాయ్ తాగేసి గ్లాసు కింద పెట్టాడు, చీకటితోనే లేచి బర్రెలు పిండే మనిషి, మధ్యాహ్నానికి ఆయనకు ఎవరితోనూ వాదించే శక్తి ఉండదు, అఖిలకు ఆయన మీద కోపం రాలేదు, ఆయన కళ్ళ కింది నలుపు చూస్తే తన కళ్ళే చూసుకున్నట్టుంది, ఖాళీ గ్లాసు తీసుకుంటూ నోరు తెరిచింది, నేను, అనుకుంది, నేను పోను, మూడు అక్షరాలో నాలుగో, నోట్లోనే అడ్డం పడ్డాయి, నందుగాడు ఏడవనే ఏడిచాడు, అక్క వాణ్ణి తనవైపు చాపనే చాపింది, ఎత్తుకుంది.

మస్తుండె, ఔను మస్తుండె, కానీ ఏది, వాళ్ళకెలా చెప్పడం, మొదటిరోజు వాకిట్లో కారు దిగినప్పుడు హోటల్ పెద్దావిడ నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వచ్చి, హ్యాండ్‌బ్యాగుతో ముందు నిలబడ్డ అమలక్కను దాటి, వెనక పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడ్డ తనకు ముందు ఇవ్వడమా, తాను అక్కవైపు చూడడం, అక్క తాగవే అని విసుక్కోవడం, తెల్లటి దుప్పటి పరిచిన మంచమా, ఆ మంచాన్ని చూసి ఎంత భయమేసింది, తాను పడుకున్న దుప్పటి ఇంకొకరు దులుపుతారా, తాను తడిపిన స్నానాలగది ఇంకొకరు కడుగుతారా, మనం విడిచిన పని ఇంకొకరి చేతికి ఎలా ఇస్తాం అని, రోజూ అందరికన్నా ముందు లేచి దుప్పటి ముడత లేకుండా లాగి పరిచింది, నేల తుడిచింది, తువ్వాళ్ళు ఉతికి కిటికీ ఊచలకు ఆరేసింది, బకెట్‌తో వచ్చిన బింతా, ఆ హోటల్లో గదులు శుభ్రం చేసే ఆమె, గది అద్దంలా ఉండడం చూసి తలుపు దగ్గరే నిలబడి నిలబడి వెనక్కి పోయేది, మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే, చివరికి పెద్దావిడే బావ దగ్గరికి వచ్చి మా బింతా పని మీకు నచ్చడం లేదా అని అడిగిందట, అమలక్క ఆ పూట అన్నం తింటున్నంతసేపూ నవ్వుతూనే ఉంది, హోటల్ గది తుడిచినవా, యాడ వోయినా నీకు చీపురే కావాలె గదనే అని, ఆ నవ్వు ఇక్కడికొచ్చాక అత్తమ్మకూ వచ్చింది, స్వీటీకీ వచ్చింది, తానూ నవ్వింది, కానీ మర్నాడు జరిగింది అక్కకు తెలియదు, బింతా వచ్చి చేతిలోంచి తడిగుడ్డ లాక్కుంది, భుజాలు పట్టి కుర్చీలో కూర్చోబెట్టింది, తాను అంత బాగా పరిచిన దుప్పటిని ఒక్క గుంజు గుంజి కింద పడేసి మళ్ళీ మొదట్నుంచీ పరిచింది, కోపమొచ్చిందేమోనని అఖిల లేవబోయింది, పరిచాక ఆమె ఎదురుగా గొంతు కూర్చుని అడిగింది, కుమ ది కుర్పు, రోజూ అందరూ అందరినీ అక్కడ అడిగే మాటే, దారిలో కలిసినా రొట్టె కొంటున్నా అదే, తనకు అర్థం కాలేదని తెలిసి బింతా తన మోచేయి ముట్టింది, భుజం ముట్టింది, మెడ వెనక నొక్కింది, ఇదీ ఇదీ ఎట్లుంది అని, ఒళ్ళు ఎట్లుంది అని, అడిగి ఊరుకోలేదు, బకెట్‌లో నీళ్ళు చల్లారినా పట్టించుకోకుండా జవాబు కోసం అలాగే కూర్చుంది, అఖిల నోటికి తెలుగు వచ్చింది, నొస్తున్నది అంది, బింతాకు తెలుగు వస్తుందా ఏమన్నా, నందుగాణ్ణి గుడ్డతో వీపుకు కట్టుకుంది, తనను మంచం మీదకు తోసింది, బయటికి పోయి తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా చేరేసింది, జ్వరం లేకుండా పగటిపూట పడుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే, లేచేసరికి వాకిట్లో బొగ్గుల కుంపటి మీద బింతా వాళ్ళు చిన్న గ్లాసుల్లో చాయ్ పోసుకుంటున్నారు, ఒకే ఆకును మూడుసార్లు మరిగిస్తారు, మొదటిది చేదు, ఆఖరిది తీపి, తనకూ ఒక గ్లాసు ఉంచారు.

అఖిలా, ఆ పెట్టెల బట్టలు నానవెట్టు, అత్తమ్మ గొంతు, నానవెట్టంగనే గ్లాసులు, సరే అత్తమ్మా, నందుగాడు భుజం మీద నిద్రపోయాడు, వాణ్ణి అక్క పక్కన పడుకోబెట్టి, గ్లాసులు అంట్లు తోమే జాలాట్లో వదిలి, అమ్మమ్మ గిన్నె తీసుకుని వెనక్కి నడిచింది, చాయ్ అప్పటికే చల్లారింది, మూడర్రల ఇల్లు, పెద్ద వంటిల్లు, బండ, ఆ ఇంట్లో బకెట్‌తో వచ్చేది ఎవరు, తానే, ఆ మాట ఇంతసేపూ ఎందుకు తట్టలేదు, హోటల్ అక్కడే ఉంటుంది, బింతా అక్కడే ఉంటుంది, తాను మాత్రం ఇంకో వీధిలో ఉంటుంది, కొట్టంలో పేడ వాసన, తవుడు వాసన, అమ్మమ్మ ఒక బర్రె ముందు నిలబడి దాని చెవిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఉంది, పొద్దట్నుంచి మేత ముట్టలేదు, చెవు సల్లగనే ఉన్నది, జరం గాదు అని బర్రెతోనో గోడతోనో అంది, నిన్నట్నుంచీ ఈ ఇంట్లో ఆఫ్రికా గురించి ఒక్క మాట అడగనిది అమ్మమ్మే, ఫోటోలు చూపిస్తే కళ్ళు గానస్తలేవు తియ్యి అంది, అందుకే అఖిలకు కొంచెం బాధేసింది కూడా, గిన్నె అందుకుని ఒక్క గుక్కలో తాగేసి, అదే చేత్తో, బర్రె చెవి పట్టుకున్న చేత్తో, అఖిల చెవి తమ్మె పట్టుకుంది, మెడ వెనక తడిమింది, గరుకు చేయి, తవుడు అంటిన చేయి, పానం ఎట్లున్నది బిడ్డా అంది.

మంచిగనే ఉన్న అమ్మమ్మా అంది అలవాటుగా, మంచిగుంటే నిలవడి నిద్రవోతున్నవేందే, బర్రె గూడ పండుకొని నిద్రవోతది అంది అమ్మమ్మ, అని పోలేదు, బర్రె దగ్గరికి మళ్ళలేదు, అలాగే చూస్తూ నిలబడింది, బింతా బకెట్ పక్కన గొంతు కూర్చున్నట్టే, ఇది అడిగి వదిలేసే మనిషి కాదు, మల్ల గాడికి వోతవా, పోవా, నాకు జెప్పు అంది, ఎవరూ చూడడం లేదు, ఒక ముసలామె, ఒక బర్రె, అంతే, అఖిల నోట్లో మాట అడ్డం పడలేదు, పోనమ్మమ్మా అంది, సదువుకుంట అంది, రెండు మాటలు, తన చెవులకే కొత్తగా వినిపించాయి, అమ్మమ్మ చేయి పట్టుకుని కొట్టం పక్కన దాణా బస్తాలుండే చిన్న అర్రలోకి లాక్కుపోయింది, మధ్యలో తన బొంత పరిచి, పండు అంది, బట్టలు నానవెట్టాలె అమ్మమ్మా అంటే, నానుతయి తియ్యి అంది, బొంత మీద వాలితే బస్తాల గోనె వాసన, ఒళ్ళంతా ఒక్కసారి నేలలోకి దిగిపోతున్నట్టు, నిన్నట్నుంచి గాలిలోనే ఉన్న కాళ్ళు ఇప్పుడు ఎక్కడో ఆనాయి, ముందరి అర్రలోంచి అత్తమ్మ మళ్ళీ పిలిచింది, అఖిలా, గ్లాసులు అని, లేవబోయింది, అమ్మమ్మ గడపలో అడ్డంగా నిలబడి, అటు తిరిగి, అంత పెద్ద గొంతు ఆమెకుందని అఖిలకు తెలియదు, పోరి పండుకున్నది, పోరి యాడికీ వోదట, కాలేజీల సేరుతదట, నేనొస్తున్న, నాతోని మాట్లాడుర్రి అంది, ముందరి అర్రలో ఫోన్‌లోంచి బావ ఏమైంది ఏమైంది అంటున్నాడు, అమ్మమ్మ నెగ్గుతుందో లేదో అఖిలకు తెలియదు, అత్తమ్మ సామాన్యురాలు కాదు, మామ కళ్ళ కింద నలుపు పోదు, అయినా తనకు ఇప్పుడు తెలిసింది, స్వీటీ అడిగితే చెప్పలేకపోయినదేమిటో, మస్తున్నది హోటల్ కాదు, తెల్ల దుప్పటీ కాదు, నీళ్ళ గ్లాసూ కాదు, ఒళ్ళెట్లుందని ఒకరు అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడి, విన్నాక తలుపుకు అవతలివైపు తాము ఉండిపోవడం, అందుకు ఏ దేశమూ పోనక్కర్లేదు, ఈ తవుడు వాసనలో కూడా అది ఉంది, అమ్మమ్మ తలుపు రెక్క లాగింది, వెలుగు సన్నబడి గీత అయింది, గీత పోయింది, బయట గొళ్ళెం చప్పుడు కాకుండా పడింది.