ఒంటికాలి మీద కోడి

"పడితే నన్నెవరు లేపుతారు?" అన్నాను పైకే.

అప్పటికి ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. లైబ్రరీలో తెచ్చిన వ్యాయామాల పుస్తకం సంచిలోనే ఉంది. చెయ్యి ఎత్తింది లేదు, కాలు కదిపింది లేదు. అయినా, కొడుకుతోపాటు నేనూ చెయ్యాల్సొస్తుందేమోనని ముందే అడిగేశాను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు దగ్గరే ఆగిపోయే మనిషిని. మేలు దాకా వెళ్లేసరికి ఓపిక ఉండదు.

జవాబు రాలేదు. లోపలి గదిలో నా కొడుకు గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. చేస్తాడు అనాలో, చేసేవాడు అనాలో ఇప్పుడు నాకు తెలియడం లేదు. రెండు నెలల కిందట ఒక పెద్ద భవనంలో లిఫ్టు మీదికెక్కి తీగలు చూస్తుంటే కాలు జారి అడుగున గుంటలో పడ్డాడు. ఒక్క అంతస్తు ఎత్తు. భుజం దగ్గర ఎముక విరిగింది, అతుక్కుంది. మాట మాత్రం అతుక్కోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచి ఒక్క పలుకు లేదు. ఎదురుగా నిలబడి అడిగితే తల ఊపుతాడు, అంతే. నెలాఖరుకి రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని వాళ్ల సూపర్‌వైజర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. పని పోతే పోనీ. వాడి గొంతు మళ్లీ వింటానా లేదా, నా దిగులు అదొక్కటే.

కట్టు విప్పినరోజు వ్యాయామాలు చేయించే ఆవిడ చెప్పింది. "మందులతో అయ్యేది అయిపోయిందమ్మా. ఇక నెమ్మదిగా కదలాలి, ఊపిరి మీద ధ్యాస పెట్టాలి. తాయ్ చీ అని చైనావాళ్ల వ్యాయామం ఉంటుంది. అది చేయించండి."

నేర్పేచోటు ఎక్కడో ఊరి చివర. వీడేమో గుమ్మం దాటడు. అందుకే ఆ పుస్తకం కోసం లైబ్రరీకి వెళ్లాను.

"పద్నాలుగు రోజులే ఇస్తాం. తర్వాత ఇంకొకరు పేరు రాయించుకున్నారు" అంది బల్ల వెనకాలావిడ.

"బొమ్మలున్నాయా?"

"ఉన్నాయి. పక్కన చదవాల్సింది కూడా ఉంది."

"ఆ రెండోదే కదమ్మా నాకు కష్టం."

ఆవిడ నవ్వి, అట్ట మీద టీ మరక తుడిచి ఇచ్చింది. మరక లోపలికి కూడా దిగింది గాని, అదేం అంటువ్యాధి కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

పుస్తకం వాడి తలదగ్గర పెట్టాను. మర్నాడు చూస్తే దాని మీద మంచినీళ్ల గ్లాసు ఉంది. మూడోరోజు కూడా అదే గ్లాసు. "సరే నాన్నా, నువ్వు చెయ్యొద్దు. నేను చేస్తాను, నువ్వు చదివిపెట్టు" అన్నాను. తల కూడా ఊపలేదు. అప్పుడు నేనే మొదలుపెట్టాను. కళ్ల ముందు చేస్తుంటే ఏదో ఒకరోజు లేచొస్తాడని చిన్న ఆశ.

నేను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. రోజుకి తొమ్మిది గంటలు నిలబడే పని. సాయంత్రానికి కాళ్లు నావి కావు, ఎవరివో అరువు తెచ్చుకున్నట్టుంటాయి. ఆ కాళ్లతో పుస్తకం చూస్తూ తాయ్ చీ. నేను వేలు పెట్టి కూడబలుక్కుని చదివే రకం. "ఎడమ చేయి" దాకా చదివేసరికి కుడిచెయ్యి ఎక్కడుందో మర్చిపోతాను. అలా పన్నెండు రోజులు గడిచిపోయాయి.

పదమూడో రోజు ఒక ఉపాయం తట్టింది. పాత ఫోన్లో నా గొంతే రికార్డు పెట్టి, వంటింట్లో కూర్చుని పుస్తకం పైకి చదివాను. మధ్యలో ఆపడం, చెరపడం నాకు రాదు. అందుకే అన్నీ అందులో పడ్డాయి. కుళాయి చుక్కలు పడ్డాయి. నాలుగో భంగిమ మధ్యలో కింద ఇంటి దర్జీ "అక్కా, నీళ్లొస్తున్నాయా?" అంటే, "సన్నగా వస్తున్నాయమ్మా" అన్న నా జవాబు కూడా పడింది. ఆరో భంగిమ దగ్గర లోపల మంచం కిర్రుమంది. లేచాడేమో అని నా ప్రాణం అటు వెళ్లింది. "నాన్నా, వింటున్నావా?" అన్నాను. గుమ్మం వంక చూస్తూ చాలాసేపు ఆగాను. ఎవరూ రాలేదు. అటే చూస్తూ పేజీ తిప్పి, మిగతాది చదివేశాను.

మర్నాడు పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఇక నాకు గురువు ఫోనే.

రోజూ పనికి వెళ్లేముందు ముందుగదిలో ఫోను స్టూలు మీద పెట్టి నిలబడేదాన్ని. అయిదు దాకా బాగానే ఉండేది. "ఆరు. తెల్ల కొంగ రెక్కలు విప్పడం. బరువంతా కుడికాలి మీద ఉంచండి. ఎడమకాలి మునివేళ్లు మాత్రమే నేలకి తగలాలి." కొంగలాగే నిలబడేదాన్ని. "నాన్నా, వింటున్నావా?" అని నా గొంతే నన్ను అడిగేది. తర్వాత ఆ ఖాళీ. కుళాయి చుక్క, చుక్క. మూసిన తలుపు వైపు చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని. ఒక నిట్టూర్పు, పేజీ తిప్పిన చప్పుడు. "తొమ్మిది. కోడి ఒంటికాలి మీద నిలబడటం. బరువు ఎడమకాలి మీద ఉంది కదా, కుడి మోకాలు పైకెత్తండి."

ఎత్తేదాన్ని. పడేదాన్ని. ఒక్కరోజు తప్పకుండా అక్కడే.

నాలుగోరోజు మెట్ల దగ్గర దర్జీ పట్టుకుంది. "ఏంటక్కా, పొద్దున్నే పైన బస్తాలు దించుతున్నావా?"

"బస్తా కాదమ్మా, నేనే."

"అయితే కాస్త నెమ్మదిగా దిగు. నా మిషన్లో దారం తెగుతోంది."

నవ్వాను గాని లోపల భయం పట్టుకుంది. రోజూ ఒకేచోట పడటమేమిటి? తలలో నరమేదో చిట్లుతోందేమో. నేను పడిపోతే మాట్లాడని ఈ పిల్లాడికి దిక్కెవరు? అంబులెన్స్‌కి ఫోన్ చేసినా వీడేం చెబుతాడు? మధ్యాహ్నం దుప్పట్లు వార్డులో ఇవ్వడానికి వెళ్లినప్పుడు నర్సుని అడిగాను. ఆవిడ బీపీ చూసింది, కళ్లలోకి లైటు వేసి చూసింది.

"ఒంటికాలి మీద నిలబడండి చూద్దాం."

నిలబడ్డాను. రెండో కాలి మీదా నిలబడ్డాను.

"మీకేం లేదు. నిద్ర తక్కువ, భయం ఎక్కువ" అంది.

ఆవిడ ముందు నిలబడగలిగి, ఇంట్లో పడుతున్నానంటే రోగం డాక్టర్లకి దొరక్కుండా దాక్కుంటోందన్నమాట. ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. ఇంకా ఎక్కువ భయమేసి, వాడి మూసిన తలుపుకి ఆ మాటే చెప్పుకున్నాను.

మర్నాడు పడినప్పుడు నేల మెత్తగా తగిలింది. చూస్తే నా కింద దిండు ఉంది. వాడి దిండు. నేను స్నానానికి వెళ్లినప్పుడు ఎప్పుడో, సరిగ్గా నేను పడేచోట తెచ్చిపెట్టాడు. సంతోషించాల్సింది. కానీ దిండు లేకుండా పడుకుంటే వాడి మెడ పట్టేస్తుందేమో అనిపించింది ముందు. తలుపు అరచెయ్యంత తెరిచి ఉంది. దగ్గరికి వెళితే మూసేస్తాడేమోనని వెళ్లలేదు.

ఆ తర్వాత కూడా నాలుగు రోజులు ఆ దిండు మీదే పడ్డాను. తలుపు అంతే తెరిచి ఉండేది. మాట మాత్రం లేదు. అయిదో రోజు లాండ్రీలో ఇద్దరు రాలేదు, వాళ్ల దుప్పట్లు కూడా నామీదే పడ్డాయి. మర్నాడు పొద్దున్న లేచి, అలవాటుకొద్దీ ఫోను నొక్కాను. నిలబడటానికి కాళ్లు ఒప్పుకోలేదు. వెళ్లి దిండు మీద కూర్చున్నాను. పడేదేదో ముందే పడిపోయినట్టుంది. ఫోను దాని పని అది చేసుకుపోతోంది. ఒకటి, రెండు, మూడు. నీళ్లు సన్నగా వస్తున్నాయి. అయిదు. ఆరు, తెల్ల కొంగ. ఇవాళ కొంగ కూడా లేవలేదు. ఇంక రేపటినుంచి మానేద్దాం అనుకున్నాను. ఎవరికోసం చేస్తున్నట్టు?

"నాన్నా, వింటున్నావా?" అంది ఫోను.

చుక్క. చుక్క. చుక్క.

"వింటున్నాను."

ఫోనులోంచి కాదు. తుప్పుపట్టిన గడియ తీసినట్టు ఉంది ఆ గొంతు. నేను తల తిప్పలేదు. తిప్పితే ఆగిపోతుందేమోనని ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. ఫోనులో పేజీ తిరిగింది. "తొమ్మిది" అంది.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. వాడి పాదాలు నా పక్కకి వచ్చి ఆగాయి. వంగి, మంచి చేత్తో ఫోను ఆపాడు.

"ఆరు తర్వాత తొమ్మిది వస్తోందమ్మా" అన్నాడు. ఒక్కో మాటకీ ఆగుతూ అన్నాడు. "రోజూ వింటున్నా. ఏడూ ఎనిమిదీ లేవు. ఆ టీ మరకకి పేజీలు అంటుకుపోయి ఉంటాయి. బరువు కుడికాలి నుంచి ఎడమకాలికి మారేది అక్కడే. నీకు రోగం లేదు, ఏం లేదు. మధ్యలో రెండు అంతస్తులు ఆపకుండా పోతున్నావు, అందుకే పడుతున్నావు."