సినిమాలో తాగిన హార్మోనిస్టు

నల్లకళ్ళద్దాల డైరెక్టరు మీద హార్మోనిస్టుకున్న మంట ఇంతా అంతా కాదు. చచ్చిపోయిన బావ జీవితం సినిమా తీస్తానంటూ వచ్చి, నెలరోజులు ఈయన ఇంట్లో టీలు తాగి, చెప్పినవన్నీ రికార్డు చేసుకుపోయి, చివరికి తెరమీద ఈయన్ని తాగుబోతును చేసి కూర్చోబెట్టాడు. నిన్న స్పెషల్ షోలో చూశాడు. నిండు సభలో హార్మోనిస్టు పెట్టె మీద తల వాల్చి గురక పెడుతుంటాడు. బావ వేషం వేసిన కుర్ర హీరో గుక్క తిప్పుకోకుండా ఒంటరిగా రాగం లాగుతాడు. హాలంతా ఒకటే చప్పట్లు.

బావకి ఉబ్బసం. సగం రాగంలోనే ఊపిరి అందేది కాదు. ఆయన భుజం కాస్త కదిలితే చాలు, ఈయన అదే స్వరాన్ని హార్మోనియం మెట్టు మీద నొక్కిపట్టి, తిత్తి మెల్లగా ఆడించేవాడు. ఆ చాటున బావ గాలి పీల్చుకుని మళ్ళీ అందుకునేవాడు. బావ పాడినన్నాళ్ళూ జనం దాన్ని ఒకే గుక్కనుకున్నారు.

విడుదల శుక్రవారం. కథ హక్కులు బావ పెళ్ళాం, అంటే ఈయన చెల్లెలివి. ఆమె గట్టిగా ఒక్క మాటంటే ఆ సీను లేచిపోతుంది. పొద్దున్నే ఆమె ఇంటికెళ్ళాడు.

"రా అన్నయ్యా. సినిమా ఎలా ఉంది?"

"పెట్టె మీద పడి నిద్రపోయాను గదా, ఏం చూశాను?"

ఆమె నవ్వేసింది. "సినిమా అన్నాక కాస్త ఉప్పూ కారం ఉండాలంటాడు ఆ అబ్బాయి."

"నా మొహానే చల్లాలా ఆ కారం? రేపట్నుంచి నా దగ్గరికి సంగీతానికి పిల్లల్నెవడు పంపుతాడే? ఆ సీను తీసెయ్యమని చెప్పు."

"కోప్పడనంటే ఒకటడుగుతాను. ఆ రోజు నువ్వు నిజంగానే కొంచెం పుచ్చుకున్నావేమో గదా?"

"ఏ రోజే? అలాంటి రోజే లేదు!"

"ఏమో, నాకు గుర్తున్నట్టే ఉంది. నీ ఒంటిమీద నీలం చొక్కా కూడా..."

"అది సినిమాలో నా వేషం వేసినవాడి చొక్కానే తల్లీ!"

ఆమె గోడమీది సినిమా పోస్టరు వంక చూసింది. మొగుణ్ణి తలుచుకున్నా ఇప్పుడామెకి కనబడేది ఆ కుర్ర హీరోయేనని ఆయనకర్థమైంది. ఇంక అడగడం దండగనుకుని లేచాడు.

ఆమె గేటుదాకా వచ్చింది. "మా అత్తగారు గాజులమ్మి ఆయన మొదటి రికార్డు వేయించే సీనుంది చూశావూ, నాకైతే ఏడుపాగలేదన్నయ్యా."

ఆయన రోడ్డెక్కాడు. ఆ ముసలావిడ చేతులకి ఏనాడూ గిల్టు గాజులు తప్ప లేవు. ఆ రికార్డు కోసం అమ్మింది ఈయన వాటాకొచ్చిన కాలవ పక్క పొలం, ఎకరా ముప్పై రెండు సెంట్లు.