దేవమణి లెఫ్ట్ అంటే

అమీర్‌పేటలో ఓ కాంప్లెక్సు ముందు గేటు దగ్గర దేవమణి పదకొండేళ్లుగా సెక్యూరిటీ డ్యూటీ చేస్తోంది. కోచింగులకని ఎక్కడెక్కడినుంచో వచ్చిన పిల్లలు ఇంగ్లీషులో దారి అడిగితే చెయ్యి చూపించి ఊరుకునేది. ఎంతకాలం ఇలా అనుకుని, నలభై తొమ్మిదో ఏట పొద్దున ఆరింటి స్పోకెన్ ఇంగ్లీషు బ్యాచిలో చేరింది.

మొదటి వారంలోనే లెఫ్టూ రైటూ తారుమారయ్యాయి. కుడివైపున్న జిరాక్స్ షాపుకి ఎవరికో లెఫ్ట్ అని చెప్పింది. అతను ఎడమకి తిరిగాడు. షాపు అటే ఉంది. మెషీన్ మీద ఎండ పడుతోందని షాపాయన గొణుక్కుంటూ పరదా కట్టుకున్నాడు. మర్నాడు టిఫిన్ సెంటరు రెండు సందులు అవతలికి పోయింది. ఇడ్లీ తింటున్నవాళ్లు తింటూనే ఉన్నారు.

ఫిర్యాదులైతే వచ్చాయి. మేనేజరు చలపతిరావు భీమవరం మనిషి, మెత్తగానే మాట్లాడతాడు.

"చూడమ్మా, మ్యాపులో ఎలా ఉందో అలాగే చెప్పు. షాపులు ఇలా కదిలిపోతుంటే అద్దెకున్నవాళ్లకి నేనేం సమాధానం చెప్పుకోను? ఇంకోసారి జరిగితే నిన్ను వెనక గేటుకి వెయ్యాల్సొస్తుంది."

వెనక గేటుకి చెత్త బండి తప్ప ఏదీ రాదు. దారి అడిగే మనిషే ఉండడు. దేవమణి భయపడి, వాచీ ఉన్న చెయ్యి లెఫ్ట్ అని బస్సులోనూ వంట దగ్గరా వల్లె వేసుకుంది. రెండు నెలలు ఒక్క తప్పూ దొర్లలేదు. సందులన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఆమెకి గర్వంగానే ఉండేది.

ఒక సోమవారం మధ్యాహ్నం గేటు ముందు ఓ ఆటో ఆగింది. అందులో ఈ ఊరికి కొత్తగా వచ్చిన ఓ కుర్రాడు, పక్కన నెలలు నిండిన భార్య. కాన్పుల ఆస్పత్రి ఎటని ఇంగ్లీషులో అడిగాడు. ఆస్పత్రి పంజాగుట్ట సర్కిల్ దాటి, యూటర్న్ తీసుకున్నాక ఉంది. ఎదురుగా ట్రాఫిక్ ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. సరైన జవాబు దేవమణి నోట్లో సిద్ధంగా ఉంది. వెనకే చలపతిరావు నిలబడి వింటున్నాడు. ఆ అమ్మాయి ఆటో రాడ్డుని పట్టుకున్న పట్టుకి వేళ్లు తెల్లబడ్డాయి.

"సెకండ్ లెఫ్ట్," అంది దేవమణి. "వెరీ నియర్."

ఆటో రెండో సందులోకి తిరిగింది. ఆస్పత్రి అక్కడుంది. స్ట్రెచర్ ఎదురొచ్చింది. లోపలివాళ్ల బంధువులు కొందరు టీకని బయటికొచ్చి, అమీర్‌పేట టీ తాగి, మళ్లీ లోపలికి పోయారు.

"తెలిసే చెప్పావా?" అన్నాడు చలపతిరావు.

"తెలిసే చెప్పిన సార్."

సాయంత్రం ఆస్పత్రి తన చోటుకి పోయాక ఆయన డ్యూటీ మార్పు కాగితం మీద సంతకం పెట్టాడు.

నాలుగోరోజు ఆ కుర్రాడు వాకబు చేసుకుంటూ వెనక గేటుకే వచ్చాడు. ఆటోలో తల్లీ, బిడ్డా. ఇంకో పది నిమిషాలైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదన్నారట డాక్టర్లు. గబగబా ఇంగ్లీషులో చెప్పినా దేవమణికి అంతా అర్థమైంది. ఆడపిల్ల అన్నదీ అర్థమైంది. యూసుఫ్‌గూడలో గది తీసుకున్నామని, అక్కడికి ఎలా వెళ్లాలని అడిగాడు.

దేవమణి బిడ్డని చూసింది. నిద్రపోతోంది. తర్వాత మెట్రో స్తంభాల పక్కనుంచి, మధురానగర్ మీదుగా, ప్రతి మలుపూ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దేన్నీ దగ్గర చెయ్యలేదు.

"గో స్లోలీ," అంది చివరికి.