వ్యాన్ మీద తమ్ముడు

మా తమ్ముడు రస్సెల్‌కి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం రాదు. కడుపుమంటతో అంటున్నానని మీరనుకోవచ్చు. అవును, కడుపుమంటే. అయినా అది నిజం కాకుండా పోదు.

ఉత్తర ఇంగ్లండులోని మా హాలిఫాక్స్‌లో క్లిఫర్డ్ గ్రీన్‌వుడ్ అనే వడ్రంగి తెలియని ఇల్లు లేదు. ఆయన మా నాన్న. రస్సెల్ పుట్టిన వారంలోనే తన నీలం వ్యాన్‌కి రెండు పక్కలా తెల్లటి అక్షరాలు అతికించుకొచ్చాడు, 'గ్రీన్‌వుడ్ అండ్ సన్' అని. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. బడి లేని రోజున ఆయన కోసే చెక్కకి రెండో కొస పట్టుకునేదాన్ని నేనే. ఉయ్యాల్లో పాలు తాగేవాడు వ్యాన్ ఎక్కాడు, చెక్క పట్టుకున్నదాని ఊసే లేదు. తర్వాత ఎన్ని వ్యాన్లు మారినా ఆ అక్షరాలు మారలేదు. వాడేమో పెద్దయ్యాక కార్పెట్ల దుకాణంలో టై కట్టుకుని నిలబడ్డాడు.

నాన్నకి మోకాళ్ళు పనిచెయ్యకుండా పోయాక వ్యాన్ ఇంటి ముందు ఊరికే పడి ఉంది. వారమంతా నేను బడి వంటశాలలో పిల్లలకి వండి వడ్డిస్తాను. శని, ఆదివారాలు నావి. కారే కుళాయిలు, ఊగే అరలు, పట్టేసే తలుపులు బాగుచేసే పని మొదలుపెడదామనుకున్నాను. పన్నుల ఆఫీసులో నా ఒక్కదాని పేరు మీదే వ్యాపారం నమోదు చేయించుకున్నాను, లోర్నా గ్రీన్‌వుడ్ అని. కంపెనీ లేదు, భాగస్వామి లేడు. మేకు వంకరపోతే తిట్లు నాకే, తలుపు చక్కగా పడితే మెప్పూ నాకే. అలా అనుకున్నాను, పిచ్చిదాన్ని.

నాన్న వ్యాన్ ఇచ్చాడు. కాకపోతే ఓ షరతు పెట్టాడు.

"ఆ అక్షరాల జోలికి మాత్రం పోకు తల్లీ. ఆ పేరు చూసే జనం తలుపు తీస్తారు."

"అందులో నేనెక్కడున్నాను నాన్నా?"

"నువ్వూ గ్రీన్‌వుడ్‌వేగా? ఎందుకమ్మా ప్రతిదానికీ రాద్ధాంతం?"

సరే అని తాళంచెవి తీసుకున్నాను. మొదటి పని మిసెస్ ఆగ్డెన్ అనే ముసలావిడ ఇంట్లో దొరికింది, పెరటి తలుపు మార్చడం. ఆవిడ నాకు టీ ఇచ్చి, నా భుజం మీదుగా వీధిలోకి తొంగి చూసి, "మీ తమ్ముడెప్పుడొస్తాడమ్మా?" అంది. రాడని చెప్పాను. సాయంత్రానికల్లా ఆ తలుపుని ఒక్క వేలితో మూసి, తీసి, మళ్ళీ మూసి, చిన్నపిల్లలా నవ్వింది. ఆవిడ వరకు ఫరవాలేదు. కానీ ఎదురింటాయన వ్యాన్‌ని చూశాడు, నన్ను చూడలేదు. మర్నాడు ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: 'గ్రీన్‌వుడ్ వాళ్ళబ్బాయి పని బంగారం.'

ఇక ఆ నెలంతా నేను తలుపులు వేస్తుంటే, పబ్బులో జనం మా తమ్ముడికి బీరు పోశారు. వాడు తాగాడు. ఒక్కడి దగ్గర కూడా కాదనలేదు.

"ఏరా, నేను వేసిన తలుపులకి నువ్వు బీర్లు తాగుతున్నావట?"

"వాళ్ళే పోశారక్కా. వద్దంటే ఏం బాగుంటుంది?"

"వేసింది మా అక్క అని చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"అబ్బబ్బ! గ్లాసుడు బీరుకి ఇంత గోలా!"

గ్లాసుడు బీరు! నా ఒళ్ళు మండిపోయింది. అసలు సంగతి అప్పటికింకా బయటపడలేదు. ఊరి చివర ఉన్న కార్మికుల క్లబ్బుకి ప్రతి వారం చిన్నాచితకా మరమ్మతులు చూసే మనిషి కావాలి. ఆ పని దొరికితే నా వ్యాపారం కాళ్ళ మీద నిలబడినట్టే. నేను అడుగుదామనుకునేలోపే క్లబ్బు పెద్ద నార్మన్ బారాక్లఫ్ పబ్బులో రస్సెల్‌ని అడిగాడు. వీడు ఒప్పేసుకున్నాడు.

"మాట నాది, పని నీది," అన్నాడు నాతో, పైగా నవ్వుతూ. "మనం మనం ఒకటే కదక్కా."

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాం. చెమ్మకి ఉబ్బిపోయి మూసుకోని పక్క తలుపు సరిచేసి చూపించాలి. నచ్చితే పని మాకే. బయట నవంబరు గాలి కోసేస్తోంది, లోపల నంబర్లు చదువుతూ బింగో ఆట నడుస్తోంది. నేను తలుపుని బందుల నుంచి ఊడదీసి బల్లల మీద పడుకోబెట్టి చిత్రిక పడుతున్నాను. ఉతికిన చొక్కాలో రస్సెల్ నిలబడి ఉన్నాడు. నార్మన్ వచ్చి వాడి వీపు తట్టాడు.

"అచ్చం మీ నాన్నే! సాయానికొచ్చిన ఈ అమ్మాయీ చురుగ్గానే ఉందోయ్. ఇంకా ఎంత తియ్యాలంటావు?"

రస్సెల్ గడ్డం నిమురుకున్నాడు. "ఇంకొంచెం తీద్దామండీ."

తీద్దామట! చేతిలోని చిత్రిక పట్టే రందా తీసుకెళ్ళి వాడి చేతుల్లో పెట్టాను.

"తియ్యరా. నువ్వే తియ్యి."

వెళ్ళి కుర్చీలో కూర్చుని టీ తాగాను. రస్సెల్ రందాని అటూ ఇటూ తిప్పి, తలకిందులుగా పట్టుకుని, మళ్ళీ తిప్పి, తోశాడు. అది తలుపు అంచులో లోతుగా దిగబడిపోయింది. తలుపు లేని గుమ్మంలోంచి గాలి దూసుకొచ్చి బింగో కార్డులు ఎగిరిపోతున్నాయి. మొదలైన ఆట ముగిసేదాకా ఆపరు, అది వాళ్ళ పట్టుదల. ఆడవాళ్ళు కోట్లు తొడుక్కుని, కార్డుల మీద మోచేతులు ఆనించుకుని ఆడుతూనే అరుస్తున్నారు.

"ఆ తలుపు పెట్టండ్రా నాయనా! గడ్డకట్టి చస్తున్నాం!"

"అక్కా, దణ్ణం పెడతా, పరువు తియ్యకు," అని గొణిగాడు రస్సెల్.

"నీ పరువా? అది నాదిరా. ఇన్నాళ్ళూ నువ్వు వాడుకున్నావు."

నార్మన్ నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వైనా కాస్త..."

"పేరు పెట్టి పిలవండి. లేచొస్తాను."

ఆయన మా వెనక వీధిలోనే పుట్టి పెరిగిన మనిషి. ఆయన మనవలిద్దరికీ రోజూ మధ్యాహ్నం పళ్ళెంలో అన్నం పెట్టేది నేను. మెల్లగా రస్సెల్ వైపు వంగాడు.

"మీ అక్క పేరేంటోయ్?"

నేను విన్నాను. హాలంతా విన్నది. కప్పు ఠక్కున బల్ల మీద పెట్టాను.

"లోర్నా!" బింగో బల్ల దగ్గర నుంచి మిసెస్ ఆగ్డెన్ అరిచింది, కార్డు మీంచి తలెత్తకుండానే. "ఆ పిల్ల పేరు లోర్నా! నా తలుపు వేసింది ఆ పిల్లే! ఇంక నోళ్ళు మూసుకుని నంబరు చదవండి!"

లేచి తలుపు వేశాను. నార్మన్ కోసం కాదు, చలికి వణికే ఆడవాళ్ళ కోసం. రస్సెల్ చేసిన గాడిని మైనం పెట్టి పూడ్చొచ్చు. పూడ్చలేదు. అందరూ చూడాలి దాన్ని.

"వచ్చే వారం నుంచి నువ్వే రా... లోర్నా," అన్నాడు నార్మన్, కొత్త పళ్ళసెట్టు పెట్టుకున్నవాడిలా.

ఇంటికి రాగానే కిటికీలోంచి వైరు లాగి, జుట్టు ఆరబెట్టుకునే మెషీన్‌తో వ్యాన్ మీది అక్షరాలకి వేడి పట్టించాను. 'అండ్ సన్' రెండు పక్కలా తోలు వలిచినట్టు ఊడొచ్చింది. లాగేసి చూస్తే ఏముంది! ఎండా వానా తగిలి వ్యాన్ అంతా వెలిసిపోయింది, అక్షరాల కింద రంగు మాత్రం కొత్త నీలంలా మెరుస్తోంది. 'అండ్ సన్' మునుపటికంటే బాగా కనిపిస్తోంది.

నాన్న చెప్పులీడ్చుకుంటూ గుమ్మంలోకొచ్చాడు.

"రస్సెల్ చూస్తే బాధపడతాడే తల్లీ."

"నేను బాధపడ్డానా అని ఒక్కసారైనా అడిగావా నాన్నా?"

ఆయన గుమ్మం పట్టుకుని కిందకి దిగి, ఆ నీలం మీద బొటనవేలితో రుద్దాడు. "ఎండ తగిలితే మెల్లగా పోతుందిలే," అన్నాడు.

ఎండట! హాలిఫాక్స్‌లో, నవంబరులో!

అయినా అప్పటినుంచి వ్యాన్‌ని వీధిలో ఎండ పడే వైపే ఆపుతున్నాను.